తూసాఁ పువ్వులు

ఆనందమ్మకు ఫ్రెంచి భాషలో పండుగల పేర్లు తప్ప చెప్పుకోదగ్గ మాట మరొకటి రాదు. అమ్మను మమాఁ అంటారని, అవునంటే వీ అని, కాదంటే నోఁ అని తెలుసు. మిగిలినవన్నీ పండుగలే. అవి కూడా ఏడేళ్ళ ఓడీల్ నేర్పినవి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు. జైనూర్ దాటినాక గుట్టల నడుమ ఉన్న డాక్ బంగళాలోకి, తొలకరి పడుతుండగా, ఓడీల్ తండ్రి భార్యాబిడ్డలతో దిగాడు. రాళ్ళను పరీక్షించి భూమి అడుగున ఏ ఖనిజం ఉందో చెప్పే మనిషి ఆయన. సర్కారు పిలిపించింది. చుట్టుపక్కల వాళ్ళు ఆయనను రాళ్ళదొర అన్నారు, ఆమెను దొరసాని అన్నారు. పిల్లను చూసుకోవడానికి ఎవరైనా కావాలంటే, పెద్దపల్లి దగ్గర మిషన్ ఆస్పత్రిలో ఆయాగా చేసిన ఆనందమ్మను పాస్టరుగారు పంపించారు. భర్త పోయి, పిల్లలు లేక, ఒక్క ట్రంకుపెట్టెతో బతుకు వెళ్ళదీస్తున్న మనిషి. ఆమెకు అడవి అంటే భయమే. కానీ వచ్చిన పనిని వద్దనడమంటే అంతకన్నా భయం.

ఓడీల్ అన్న పేరుకు చౌకీదారు కొమురెల్లికి నోరు తిరగలేదు. "ఓదెల మల్లన్న బిడ్డనే అనుకుంటం తియ్యి" అని, ఆ దేవుడి పేరున ఓదెలమ్మను చేసేశాడు. పిల్ల ఆ పేరుకు పలికేది కూడా.

పిల్ల దగ్గర ఒక బొమ్మల పుస్తకం ఉండేది. వాళ్ళ దేశంలో ఏడాది పొడుగునా వచ్చే పండుగలు, పేజీకొకటి. వానకు బయట కాలు పెట్టే వీలులేని రోజుల్లో దొరసాని ఒక ఆట మొదలుపెట్టింది. పిల్ల బొమ్మ చూపించి పేరు చెప్పాలి, ఆనందమ్మ తిరిగి చెప్పాలి. తప్పితే పిల్ల వెదురుపుల్లతో బల్ల మీద కొడుతుంది. ఒప్పితే బుగ్గ మీద ముద్దు పెడుతుంది. ఆనందమ్మ ఒక్కో పేరును తనకు తెలిసిన దేనికో ముడివేసి గుర్తు పెట్టుకునేది. నొయెల్ అంటే క్రిస్మస్. పాక్ అంటే ఈస్టరు. షాందెలూర్ నాడు పెనం మీద అట్లను ఎగరేసి పట్టుకుంటారు కనుక అది అట్ల పండుగ. కార్నవాల్ బొమ్మలో అందరికీ ముఖాల నిండా రంగులు. అది పీర్ల పండుగకు పులివేషం కట్టినట్టు. ఏప్రిల్ మొదటి తేదీన కాగితం చేపను చేసి, తెలియకుండా ఎవరి వీపుకో అంటిస్తారట. ఓడీల్ ఏప్రిల్ దాకా ఆగలేదు. కొమురెల్లి వీపు మీద చేపతో సంత అంతా తిరిగి వచ్చాడు.

"ఏందే భూమవ్వా, అందరు నన్ను జూసి నవ్వుతున్నరు?" అని భార్యను అడిగాడు.

"నీ మొగం జూసి అనుకున్న. వీపు జూసి కూడ నవ్వుతున్నరా?" అంది భూమవ్వ.

ఆ నవ్వులన్నీ దీపావళితో పోయాయి. పండుగ వెళ్ళిన మర్నాడే దొరసానికి చలిజ్వరం పట్టుకుంది. చూస్తుండగానే మనిషి మనుషులను గుర్తుపట్టలేని స్థితికి వచ్చింది. దొర ఆమెను జీపు వెనక పరుపు మీద పడుకోబెట్టి హైదరాబాదు తీసుకుపోయాడు. అంటుకుంటుందేమోనన్న భయంతో పిల్లను దగ్గరికి పోనివ్వలేదు. ఓడీల్ వరండాలో స్తంభాన్ని పట్టుకుని నిలబడి, గుడ్డ కప్పిన తల్లి పాదాలను మాత్రం చూసింది.

అప్పటి నుంచి పిల్ల తినడం మానేసింది. రెండు ముద్దలు నోట్లో పెడితే ఒకటి బుగ్గన దాచి బయటికి పోయి ఉమ్మేది. తల్లి కూర్చునే పేము కుర్చీ ముందు నేల మీద కూర్చుని, ఆ కుర్చీనే చూస్తుండేది. వంటింట్లో భూమవ్వ దగ్గర పిల్ల నేర్చిన నీళ్ళు, అన్నం, వద్దు అనే మూడు తెలుగు మాటల్లో వద్దు ఒక్కటే మిగిలింది. రోజూ కాస్త కాస్త చిన్నదైపోతున్న ఆ ముఖాన్ని ఆనందమ్మ చూస్తూనే ఉంది. మిషన్ ఆస్పత్రిలో అలాంటి ముఖాలను చూసింది ఆమె. జబ్బు లేకుండానే జారిపోయే పిల్లలుంటారు.

దొర కింద రామచంద్రం అనే గుమాస్తా ఉండేవాడు. కరీంనగర్ అబ్బాయి, హైదరాబాదులో బి.ఏ. చదివాడు. దొర భాష పట్టుబడితే పైకొస్తానని ఒక లావుపాటి ఫ్రెంచి నిఘంటువును కూడా కొనుక్కున్నాడు. ఆసిఫాబాదు పోయి దొరతో ఫోనులో మాట్లాడి వచ్చి, జీను దిగకుండానే కేకేసినట్టు చెప్పాడు.

"ఆనందమ్మా, జ్వరం దిగుతున్నదట! గంజి తాగిందట!"

"దేవునికి స్తోత్రం. సారూ, గా మాట పిల్లకు జెప్పుండ్రి, మీకు పుణ్యముంటది."

రామచంద్రం గుర్రం దిగి, పిల్ల ముందు గొంతుక్కూర్చుని, నిఘంటువులో నుంచి ఒక్కొక్క మాటనే ఏరి పేర్చాడు. ఓడీల్ ఆయన నోటినే చూసింది. ఏమీ అర్థం కాలేదు. లేచి మళ్ళీ కుర్చీ దగ్గరికి పోయింది.

"పుస్తకంల ఉన్నట్టే అన్న గదా," అన్నాడాయన చిన్నబుచ్చుకుని.

అక్టోబరు నెలాఖరున, పిల్లను ఎలాగైనా ఆటలోకి దించాలని ఆనందమ్మే పుస్తకం తెరిచింది. తర్వాతి పేజీలో మందపాటి కోట్లు తొడుక్కున్న ఆడవాళ్ళు, పిల్లలు చేతుల నిండా పెద్దపెద్ద చామంతులు పట్టుకుని ఒక ఇనుప గేటులోకి పోతున్నారు. వెనక చర్చి శిఖరం కనిపిస్తోంది. ఆనందమ్మ వేలు పెట్టి అడిగింది. ఓడీల్ "తూసాఁ" అంది, గాలికి కూడా వినపడనంత మెల్లగా. అని పుస్తకం మూసేసింది.

తల్లి లేని పండుగ కదా, బెంగ పెట్టుకుంది అనుకుంది ఆనందమ్మ. రామచంద్రాన్ని అడిగింది. ఆయన నిఘంటువు తీసి చూశాడు.

"సకల పరిశుద్ధుల పండుగ. నవంబరు ఒకటి. మీ చర్చి పండుగేనమ్మా."

"పెద్ద పండుగనా సారూ?"

"ఆ రోజు ఆ దేశం మొత్తానికి సెలవని రాసిండు. పెద్దదే అయ్యుంటది."

పరిశుద్ధుల దినం అంటే ఆనందమ్మ ఎరిగినదే. వాళ్ళ మిషన్‌లో పాస్టరుగారు ఒక ప్రార్థన చదివి ఊరుకునేవారు. సమాధులకు సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగించి, పువ్వులు పెట్టేదంతా ఈస్టరు తెల్లవారుజామున. చామంతులు మాత్రం కోత పండుగకు చర్చిని అలంకరించే పువ్వులు. గంపలకొద్దీ పసుపుపచ్చని పువ్వులు, కొత్త వడ్లు, గుమ్మడికాయలు, పాటలు. ఆమె మనసులో చామంతికి సంతోషం తప్ప మరో అర్థం లేదు. ఈ పిల్ల దేశంలోనూ ఇలాగే ఒక పండుగ ఉందన్నమాట. ఆ పండుగను ఇక్కడికే తెస్తే? తల్లి కుర్చీ చుట్టూ పువ్వులు పేర్చి, మీ అమ్మ కోసమే ఇదంతా అని చూపిస్తే పిల్ల ముఖం విప్పారదా? రెండు ముద్దలు తినదా?

అదే నవంబరు ఒకటిన రాష్ట్రం పుట్టి ఏడాదైందని బడి దగ్గర జెండా ఎగరేస్తున్నారు. దానికోసం కొమురెల్లి రెండు గంపల చామంతులు తెప్పించాడు. ఆనందమ్మ ఒక గంప అడిగి పుచ్చుకుంది. మధ్యాహ్నం పిల్ల నిద్రపోయినప్పుడు ఆమె, భూమవ్వ కలిసి వరండా కడిగారు. కుర్చీకి ఇరువైపులా కుండల్లో పువ్వులు నింపి పెట్టారు. కుర్చీ మీద తెల్ల దుప్పటి మడిచి పరిచారు. ఒక ఇత్తడి పళ్ళెంలో పువ్వులు గుండ్రంగా పేర్చి మధ్యన కొవ్వొత్తి నిలబెట్టారు. గోడకు దొరసాని ఫొటో ఉంది. భూమవ్వ మిగిలిన పువ్వులతో దండ గుచ్చి, ఫొటోకు వేయబోయింది.

ఆనందమ్మ గభాలున ఆమె చెయ్యి పట్టుకుంది. "అయ్యో, బతికున్న మనిషి ఫొటోకు దండేస్తరా? తియ్యి, తియ్యి!"

"నా నోట్ల మన్ను వడ. యాది మరిచిన అక్కా," అంటూ భూమవ్వ లెంపలు వేసుకుంది.

ఎంత గండం తప్పిందో అనుకుంది ఆనందమ్మ. ఆ చెయ్యి పట్టుకున్నందుకు దేవునికి లోలోపల స్తోత్రం కూడా చెప్పుకుంది.

పిల్ల లేచింది. బూట్లు తొడిగి, జుట్టు దువ్వి, ఆనందమ్మ ఆమె రెండు కళ్ళూ చేతులతో మూసి వరండాలోకి నడిపించుకొచ్చింది. చేతులు తీసి, నవ్వుతూ, "తూసాఁ!" అంది. కుర్చీ వైపు చెయ్యి చాపి, "మమాఁ! తూసాఁ!" అంది.

ఓడీల్ కుండలను చూసింది. తెల్ల దుప్పటిని చూసింది. కొవ్వొత్తిని చూసింది. ఆమె పెదవుల్లో ఉన్న కాస్త రంగూ పోయింది.

"మమాఁ?" అంది.

"వీ, వీ. మమాఁ," అని ఆనందమ్మ తల గట్టిగా ఊపింది.

పిల్ల ఏడవలేదు. కేక వేయలేదు. వెళ్ళి ఒక చామంతిని వేలితో తాకింది. పిల్ల చెయ్యి పువ్వుల మీదికి పోవడం చూసి, మంచిగైతున్నది అనుకుని, ఆనందమ్మ పరమాన్నం తెద్దామని వంటింట్లోకి పోయింది. గిన్నెలోకి వంపి, చల్లారడానికి ఊదుకుంటూ తిరిగి వచ్చింది.

వరండాలో పిల్ల లేదు. కుడివైపు కుండ ఖాళీగా ఉంది. ఒక్క పువ్వు కూడా లేదు అందులో.

గదుల్లో వెతికింది. మంచం కింద, తలుపు వెనక, స్నానాల గదిలో. బావి దగ్గరికి పరుగెత్తి, లోపలికి తొంగి చూడటానికి ధైర్యం చాలక గట్టు పట్టుకుని నిలబడిపోయింది. భూమవ్వ వచ్చి చూసి, "లేదక్కా, నీళ్ళు కదుల్తలేవు," అంటే అప్పుడు ఊపిరి తీసింది. వెనక గేటు తెరిచి ఉంది. ఆవల అడవి.

"ఓడీల్! ఓదెలమ్మా!"

గుట్ట ఆమె గొంతును ఆమెకే తిప్పి పంపింది.

కొమురెల్లి, రామచంద్రం బడి దగ్గరి నుంచి పరుగున వచ్చారు. ఇద్దరి జేబులకు ఇంకా కాగితం జెండాలు గుచ్చి ఉన్నాయి. పొద్దు అప్పటికే గుట్ట మీదికి వాలుతోంది. కొద్దిరోజుల కింద ఆ దిక్కునే గూడెం వాళ్ళ దూడను పులి ఎత్తుకుపోయింది. ఆ మాట ఎవరూ అనలేదు. అందరికీ తెలుసు కాబట్టి అనలేదు.

రామచంద్రం వరండాలో పువ్వులను, దుప్పటిని, కొవ్వొత్తిని చూసి ఆగిపోయాడు.

"ఏందమ్మా ఇదంతా?"

ఆనందమ్మ చెప్పింది. తను ఏమందో, ఎలా తల ఊపిందో అంతా చెప్పింది. ఆయన గదిలోకి పోయి నిఘంటువు తెచ్చి, నిలబడే చదివాడు.

"కింద ఇంకా ఉండె," అన్నాడు. "నేను మొదటి ముక్క చదివి బంద్ జేసిన. ఆ రోజు వాళ్ళు చచ్చిపోయినోళ్ళ సమాధుల కాడికి పోతరట. చామంతులు తీసుకొని. చామంతి వాళ్ళకు చావు పువ్వట ఆనందమ్మా. ఇంట్ల పెట్టరట."

ఆనందమ్మ నేల మీద కూలబడింది. మా అమ్మ చచ్చిపోయిందా అని పిల్ల అడిగితే, అవునవునని తల ఊపింది తను. నవ్వుతూ ఊపింది. ఫొటోకు దండ పడకుండా చెయ్యి పట్టుకున్న మనిషే, తల్లి చావును కుండల్లో పేర్చి బిడ్డకు చూపించింది.

"అక్కా, లే. ఏడ్వనీకి పొద్దు లేదు," అన్నాడు కొమురెల్లి. "పూలు ఎందుకు ఎత్తుకపోయింది? గది జెప్పు."

ఆ ప్రశ్న ఆమెను లేపింది. పువ్వులు తీసుకుని సమాధి దగ్గరికే కదా పోతారు. తల్లిని ఎక్కడ పెట్టారో వెతుక్కుంటూ పోయింది పిల్ల.

"ఈడ గోరీలు ఏడున్నయి కొమురెల్లీ? పిల్ల చూసినవి?"

కొమురెల్లి కళ్ళు పెద్దవయ్యాయి. "దొర గోరి! వాగు అవతల. దొరసాని పిల్లను తోల్కొని సాయంత్రం గటు పోతుండె."

ఎప్పుడో నిజాం కాలంలో అడవిశాఖలో పనిచేసి ఇక్కడే పోయిన ఒక ఇంగ్లీషు దొర సమాధి అది. దూడ పోయిన దిక్కు కూడా అదే.

రామచంద్రం మనుషులను పోగు చేయడానికి గూడెం వైపు పరుగెత్తాడు. పిల్ల తిరిగొస్తే ఎవరైనా ఉండాలని భూమవ్వ బంగళాలో ఆగింది. కొమురెల్లి గొడ్డలి, ఒక ఖాళీ కిరోసిన్ డబ్బా తీసుకున్నాడు. డబ్బాను కర్రతో కొడుతూ ముందు నడుస్తుంటే ఆనందమ్మ వెనక నడిచింది. టేకు ఆకులు కాళ్ళ కింద పెళపెళమంటుంటే ప్రతి చప్పుడూ తన వెనక నుంచే వస్తున్నట్టుండేది. వాగు దగ్గర కొండముచ్చులు ఒక్కసారిగా అరిచాయి. కొమురెల్లి డబ్బా కొట్టడం ఆపి చెవి ఒగ్గాడు.

"ఏంది?" అంది ఆమె గుసగుసగా.

"ఏం లేదు. నడు."

"అబద్దమాడకు."

"అబద్దమే. నడు."

వాగు ఒడ్డున తడి ఇసుకలో చిన్న బూటు గుర్తులు కనిపించాయి. ఆనందమ్మ వంగి ఆ గుర్తును చేత్తో తాకింది. బూట్లతోనే పోయింది. ముళ్ళు గుచ్చుకోవు, పురుగూ పుట్రా కాటు తగలదు. అంత భయంలోనూ ఆ పిసరంత ఊరట ఆమెకు చేతికందిన ఊతకర్రలా అనిపించింది.

వాగు దాటి మిట్ట ఎక్కారు. మిట్ట చివర నాలుగు రాతి స్తంభాలు, వాటి నడుమ గొలుసు, మధ్యన నల్లబడిన గోరి. గోరి మీద చామంతులు ఒక వరుసలో పేర్చి ఉన్నాయి. ఓడీల్ మోకాళ్ళ మీద కూర్చుని రాతి మీది అక్షరాలను వేలితో తడుముతోంది. తల్లి పేరు వెతుకుతోంది. ఒక్కొక్క అక్షరం చూస్తోంది, మళ్ళీ మొదటికి వస్తోంది.

"ఓదెలమ్మా!" ఆనందమ్మ గట్టిగా పిలిచింది. ఆ పిలుపే తప్పయింది.

పిల్ల ఉలిక్కిపడి లేచింది. ఆనందమ్మను చూసి వెనక్కి జరిగింది. ఆ కళ్ళలో ఉన్న భయం అడవిని చూసి కలిగినది కాదు. తన తల్లి చావును నవ్వుతూ చెప్పిన మనిషిని చూసి కలిగినది. గొలుసు కింది నుంచి దూరి ఆవలికి పోయింది. ఆవల రెండడుగుల నేల, ఆ తర్వాత కిందికి దిగిపోయే రాళ్ళలోయ.

కొమురెల్లి ముందుకు ఉరకబోయాడు. ఆనందమ్మ అతని రెక్క పట్టి ఆపింది. "వద్దు. ఉరికితే ఎనక్కి పోతది. కూసో. గొడ్డలి దాచిపెట్టు."

ఆమె కూడా నేల మీద కూర్చుంది. పిల్ల మడమ కింది నుంచి చిన్న రాయి ఒకటి జారి, కింద ఎక్కడో పడింది. ఆ చప్పుడు చాలాసేపటికి వినిపించింది.

ఏం చెప్పాలి? బతికి ఉంది అన్న మాట రాదు. వస్తుంది అన్న మాట రాదు. తప్పు చేశాను, నన్ను నమ్ము అన్న మాట అసలే రాదు. ఆమె దగ్గర ఉన్నవల్లా ఒక ఏడాది పండుగలు.

"నోఁ," అంది మెల్లగా. గోరి మీది పువ్వుల వైపు చెయ్యి చూపి, తల అడ్డంగా ఊపింది. "మమాఁ, నోఁ తూసాఁ. నోఁ. నోఁ తూసాఁ."

పిల్ల కదలలేదు. వెనక్కీ పోలేదు.

ఆనందమ్మ చెంపకు చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. నుదురు తుడుచుకున్నట్టు చేసింది. గిన్నె ఎత్తి తాగినట్టు చేసింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని పైకి కిందికి ఊపిరి తీసి చూపించింది. "మమాఁ," అంది. ఇంకా ఏం చెప్పాలో తోచక, భయంతో, ముందు వెనకలు చూసుకోకుండా, నోటికి వచ్చిన మాట అనేసింది.

"మమాఁ... నొయెల్."

ఓడీల్ పెదవులు కదిలాయి. "మమాఁ... నొయెల్?"

"వీ. నొయెల్." రెండు చేతులతో దూరం నుంచి ఎవరో వచ్చి వాటేసుకున్నట్టు చూపించింది. "మమాఁ, నొయెల్."

అప్పుడు ఏడ్చింది పిల్ల. తల్లిని తీసుకుపోయిన నాటి నుంచి రాని ఏడుపు. ఏడుస్తూ గొలుసు కిందికి వంగింది. ఆనందమ్మ మోకాళ్ళ మీదే పాక్కుంటూ పోయి, చెయ్యి అందగానే పట్టి లాగి, కొంగులో చుట్టేసుకుంది. ఆ ఇద్దరికీ కాపలాగా నిలబడి కొమురెల్లి డబ్బాను పిచ్చివాడిలా వాయించాడు. అవతలి ఒడ్డు నుంచి గూడెం వాళ్ళ కేకలు బదులుగా వినిపించాయి.

బంగళాకు వచ్చాక పిల్ల పుస్తకం తెమ్మని చెయ్యి చూపింది. పళ్ళెంలో అన్నం పెట్టుకుని ఆనందమ్మ పక్కన కూర్చుంది. ఓడీల్ చామంతుల పేజీ తెరిచి, పళ్ళెంలోని మెతుకులు తీసి దాని అంచుల మీద ఒక్కొక్కటిగా మెదిపి, పక్క పేజీతో కలిపి అరచేత్తో అదిమింది. రెండు పేజీలూ ఒకటైపోయాయి. అతికిందో లేదో గోరుతో గీకి చూసుకుంది. తర్వాత, చేతికి అంటుకున్న మెతుకులను నోట్లో వేసుకుంది. మరికొన్ని తీసుకుంది. పళ్ళెం సగం ఖాళీ అయ్యేదాకా ఆనందమ్మ ఊపిరి బిగబట్టి చూసింది.

మర్నాడు రామచంద్రం విషయం విని తల పట్టుకున్నాడు.

"క్రిస్మస్‌కు వస్తదని జెప్పినవా? నీకెవలు జెప్పిండ్రమ్మా? జ్వరం మర్లబడితే? దొరసాని రాకుంటే పిల్లకేం జెప్తవు?"

"నాకు గదొక్కటే మాట వచ్చు సారూ," అంది ఆనందమ్మ.

ఈ భయం వేరు. లోయ అంచున కలిగిన భయం ఒక్క గుటకలో మింగేది. ఇది లోపల కూర్చుని కొద్దికొద్దిగా కొరికేది. పిల్ల పొద్దున లేవగానే "మమాఁ, నొయెల్?" అని అడిగేది. ఆనందమ్మ "వీ" అనేది. అన్న ప్రతిసారీ తనది కానిదాన్ని ఎవరికో ఇస్తానని ఒట్టు పెట్టినట్టుండేది. పిల్ల నమ్మి అన్నం తింటోంది.

ఆదివారం పొద్దెక్కాక జీపు వచ్చింది.

దొర ఒక్కడే దిగాడు. గడ్డం మాసి ఉంది, కళ్ళు లోతుకు పోయాయి. జీపు వెనక ఎవరూ లేరు. ఆనందమ్మ స్తంభాన్ని ఆనుకుని ఆ ఖాళీ సీటునే చూస్తూ ఉండిపోయింది. ఓడీల్ పరుగెత్తలేదు. మెట్ల మీద నిలబడి, తండ్రి దగ్గరికి వచ్చేదాకా ఆగి, ఒకే మాట అడిగింది.

"మమాఁ, నొయెల్?"

దొర మోకాలి మీద కూర్చుని, పిల్ల రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నోఁ," అన్నాడు.

ఆనందమ్మకు ఆ తర్వాతి మాటలేవీ వినబడలేదు. నోఁ అన్నది ఒక్కటే వినబడింది. ఆయన ఇంకా ఏదో మాట్లాడుతున్నాడు, పొడుగ్గా, గబగబా. పిల్ల ఆయన ముఖంలోకి చూస్తోంది. తను మిట్ట మీద చెప్పిన మాట అబద్ధమైపోయింది. ఇప్పుడు ఆ పిల్ల తిరిగి తన వైపు చూస్తుంది. ఆ చూపును ఎలా తట్టుకోవాలి?

రామచంద్రం దొర పక్కకు వచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. విని, ఒక్క అంగలో వరండా ఎక్కాడు.

"అమ్మా, పరేషాన్ గాకు! క్రిస్మస్ దాకా ఎందుకు అంటున్నడు దొర. దొరసాని లేచి నడుస్తున్నదట. మంగళవారం రైలుకు వస్తున్నదట. కాగజ్‌నగర్ టేషన్‌కు మనమే పోవాలె!"

ఆనందమ్మ అక్కడే, స్తంభం పక్కనే, కిందికి జారి కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఓడీల్ మెట్లెక్కి పరుగున వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది. పిల్ల ముఖం కోపంగా ఉన్నట్టుంది, నవ్వుతున్నట్టూ ఉంది. నొయెల్ అని ఎందుకు చెప్పావు, అంత దూరం ఎందుకు పెట్టావు అన్నట్టు, చిన్న వేలిని ఆమె ముఖం ముందు ఆడించింది.

అవునమ్మా, మంగళవారమే వస్తుంది అని చెప్పాలనుకుంది ఆనందమ్మ. తలలో వెతుక్కుంది. అట్ల పండుగ ఉంది, రంగుల పండుగ ఉంది, చేపల పండుగ ఉంది. ఏ పండుగా లేని ఒక మామూలు రోజును ఏమంటారో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఓడీల్ ఆమె ఒళ్ళో కూర్చుని, ఆమె గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"మార్దీ," అంది విడదీసి.

ఆనందమ్మ పిల్ల నోటినే చూసింది. పిల్ల మళ్ళీ అంది, ఇంకా నెమ్మదిగా, నోరు పెద్దగా తెరిచి. ఇప్పుడు ఆనందమ్మ పెదవులు కూడా దానితో పాటే కదిలాయి.

"మార్దీ."